నోరులేని జీవాల కోసం చట్టసభలో నిలబడిన రుక్మిణీదేవి

రాజ్యసభ ఏర్పడి అప్పటికి ఏడాది దాటిందో లేదో. సభ నిండా పెద్ద పెద్ద విషయాలే. మొదటి పంచవర్ష ప్రణాళిక, జమీందారీల రద్దు, తిండిగింజల కొరత, భాషారాష్ట్రాల గొడవ. ఆంధ్రరాష్ట్రం కోసం పొట్టి శ్రీరాములు ప్రాణాలు విడిచింది 1952 డిసెంబరులోనే. అలాంటి రోజుల్లో, 1953లో, ఒక నాట్యకళాకారిణి ఆ సభలో ఒక బిల్లు పెట్టారు. అది మనుషుల కోసం కాదు. బండి లాగే ఎద్దు కోసం, జట్కా గుర్రం కోసం, మూట మోసే గాడిద కోసం, ప్రయోగశాల బోనులోని కోతి కోసం. వాటిని హింసించడం నేరమని చట్టం గట్టిగా చెప్పాలని ఆమె అడిగారు.

ఆమె పేరు రుక్మిణీదేవి అరండేల్. భరతనాట్యం నేర్చుకున్న ఆడపిల్లలకు ఆ పేరు కొత్త కాదు. మద్రాసు కళాక్షేత్రం ఆమె చేతుల మీదుగా పుట్టిందే. కాలికి గజ్జె కట్టిన ఆ చేతులే మూగజీవాల కోసం చట్టం ముసాయిదా పట్టుకుని ఢిల్లీ చుట్టూ తిరిగాయన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. గాడిదలను దొంగచాటుగా కోసి అమ్ముతున్నారన్న వార్తలు మన తెలుగునేల నుంచే వస్తున్న ఈ రోజుల్లో, ఆ రెండో రుక్మిణీదేవిని తలుచుకోవాల్సిన అవసరం ఉంది.

మధురైలో పుట్టి, అడయారులో పెరిగి

రుక్మిణి 1904 ఫిబ్రవరి 29న మధురైలో పుట్టారు. నాలుగేళ్లకోసారి వచ్చే పుట్టినరోజు. తండ్రి నీలకంఠశాస్త్రి ప్రజాపనుల శాఖలో ఇంజనీరు, సంస్కృతం చదువుకున్నవారు. తల్లి శేషమ్మాళ్‌కు సంగీతమంటే ప్రాణం. తండ్రి ఉద్యోగంలో బదిలీలెక్కువ కాబట్టి పిల్లల చదువు ఊరూరా సాగింది. ఇంట్లో ఆచారం ఉంది, ఆచారంతో పాటు ఆలోచన కూడా ఉంది. దివ్యజ్ఞాన సమాజం భావాలు ఆయన్ని ఆకట్టుకున్నాయి. ఉద్యోగ విరమణ తర్వాత మద్రాసులో, అడయారులోని సమాజ కేంద్రం దగ్గరే ఇల్లు కట్టుకున్నారు.

ఆ రోజుల్లో అడయారు అంటే ఒక చిన్న ప్రపంచం. అనిబిసెంట్ అక్కడ అధ్యక్షురాలు. దేశదేశాల నుంచి వచ్చిన మనుషులు ఆ మర్రిచెట్టు నీడలో కలుసుకునేవారు. కులం, మతం, దేశం అడ్డుగోడలు కాకూడదనేది వాళ్ల నమ్మకం. ప్రాణమున్న ప్రతిదీ ఒకే కుటుంబమనీ, జంతువు మీద దయ చూపడం కూడా ధర్మంలో భాగమేననీ అక్కడివాళ్లు నమ్మేవారు. రుక్మిణి అవన్నీ వింటూ పెరిగింది. ఇంటి నుంచి వచ్చిన శాకాహారం ఆమెకు అలవాటు. అడయారు దాన్ని ఒక ఆలోచనగా మార్చింది.

అక్కడే ఆమెకు జార్జ్ అరండేల్ పరిచయమయ్యారు. ఇంగ్లండు నుంచి వచ్చిన విద్యావేత్త, కాశీలో అనిబిసెంట్ స్థాపించిన సెంట్రల్ హిందూ కాలేజీకి ప్రిన్సిపాల్‌గా చేసినవారు. 1920లో బొంబాయిలో వాళ్లిద్దరికీ పెళ్లి జరిగింది. ఆమెకు పదహారేళ్లు, ఆయనకు నలభై దాటాయి. సంప్రదాయ బ్రాహ్మణ కుటుంబంలోని పిల్ల తెల్లవాణ్ణి చేసుకుందంటే మద్రాసు ఊరుకుంటుందా? పత్రికల్లో రాతలు, వీధుల్లో మాటలు, బంధువుల వెలి. ఇవాళ మనం చదువుతున్నా, పదహారేళ్ల పిల్ల పెళ్లి అనగానే మనసు ఒక్క క్షణం ఆగుతుంది. అది ఆ కాలపు సంగతి. ఆ పిల్ల మాత్రం ఆ మాటలకు కుంగిపోలేదు. నలుగురూ కాదన్న దారిలో నడవాలంటే ఎంత ఓపిక కావాలో ఆ వయసులోనే నేర్చుకుంది. ఆ పాఠం తర్వాత ఆమెకు రెండుసార్లు పనికొచ్చింది. ఒకసారి నాట్యంలో, ఇంకోసారి చట్టసభలో.

గజ్జె కట్టిన రోజు

భర్తతో కలిసి ఆమె దేశాలు తిరిగారు. 1928లో రష్యన్ నర్తకి అన్నా పావ్లోవా బొంబాయి వచ్చినప్పుడు ఆమె నాట్యం చూసి ముగ్ధురాలయ్యారు. తర్వాత ఆస్ట్రేలియా ప్రయాణంలో ఇద్దరూ ఒకే ఓడలో కలవడం, స్నేహం కుదరడం జరిగింది. రుక్మిణి బాలే నేర్చుకోవడం మొదలుపెట్టారు. అయితే మీ దేశపు నాట్యాన్ని వెతుక్కోమని ఆమెను ఇటు తిప్పింది కూడా పావ్లోవానే.

1933లో మద్రాసు మ్యూజిక్ అకాడమీలో ఆమె సదిర్ కచేరీ చూశారు. దేవదాసీ కుటుంబాల స్త్రీలు తరతరాలుగా కాపాడుకొచ్చిన నాట్యమది. అప్పటికే దాన్ని నిషేధించాలన్న ఉద్యమం జోరుగా సాగుతోంది. మర్యాదస్తుల ఇళ్లలో ఆ పేరెత్తడమే తప్పు. రుక్మిణి మాత్రం నేర్చుకోవాలనే నిశ్చయించుకున్నారు. మైలాపూర్ గౌరి అమ్మాళ్ దగ్గర, పందనల్లూరు మీనాక్షిసుందరం పిళ్లై దగ్గర శిష్యరికం చేశారు. ముప్పై దాటిన వయసులో, 1935 డిసెంబరులో, దివ్యజ్ఞాన సమాజం వజ్రోత్సవాల్లో మొదటిసారి ప్రదర్శన ఇచ్చారు. మళ్లీ దుమారం. 1936 జనవరిలో, నాట్యం నేర్పడానికి ఆమె పెట్టిన సంస్థే తర్వాత కళాక్షేత్రమయింది.

ఇక్కడ ఒక మాట దాచకూడదు. ఆ నాట్యాన్ని రుక్మిణీదేవి పెద్దకులాల ఇళ్లలోకి తీసుకువెళ్లారే గానీ, దాన్ని కన్నతల్లుల్లా కాపాడిన దేవదాసీ స్త్రీలకు ఆ గౌరవం దక్కలేదని విమర్శ ఉంది. శృంగార పదాలను ఆమె పక్కకు పెట్టడం బాలసరస్వతి లాంటి గొప్ప నర్తకికి నచ్చలేదు. ఆ విమర్శలో నిజం ఉంది. ఆమె చేసిన పనీ నిజమే. రెండూ పక్కపక్కనే పెట్టుకుని చూడాలి.

మన తెలుగుకీ ఆమె పనికీ దగ్గరి చుట్టరికం ఉంది. భరతనాట్యంలో పాడే వర్ణాలు, పదాలు ఎన్నో తెలుగువే. తంజావూరు దగ్గర మేలట్టూరులో వెంకటరామశాస్త్రి రాసిన భాగవతమేళ నాటకాలు తెలుగులోనే ఉన్నాయి. వాటిలో కొన్నింటిని రుక్మిణీదేవి కళాక్షేత్రంలో నృత్యనాటకాలుగా నిలబెట్టారు. కలంకారీ అద్దకం బతకడానికి కళాక్షేత్రం తరఫున పని చేశారు. కళాక్షేత్రంలో నాట్యం చదువుకున్న అమల అక్కినేని, 1990ల మొదట్లో హైదరాబాదులో బ్లూక్రాస్ పెట్టి గాయపడ్డ జంతువులకు ఆసరా అయ్యారు. ఆ బడిలో అడవు ఒక్కటే నేర్చుకోలేదని ఇట్టే తెలుస్తుంది.

భర్త 1945లో పోయారు. పిల్లలు లేరు. నలభై ఒకటో ఏట ఒంటరిగా మిగిలిన ఆమెకు కళాక్షేత్రమే ఇల్లయింది. 1955 నుంచి ఏళ్ల తరబడి వాల్మీకి రామాయణాన్ని ఆరు నృత్యనాటకాలుగా కూర్చారు. వేటగాడి బాణానికి కూలిన క్రౌంచపక్షిని చూసి కలిగిన దుఃఖంలోంచే ఆ కావ్యం పుట్టిందని మనకందరికీ తెలుసు. పక్షి మీద జాలి ఒక ఋషి చేత కావ్యం చెప్పించింది. రుక్మిణీదేవిని అదే జాలి చట్టం దాకా నడిపించింది.

బిల్లు పెట్టారు, వెనక్కి తీసుకున్నారు

1952లో రాష్ట్రపతి ఆమెను రాజ్యసభకు నామినేట్ చేశారు. అలా నామినేట్ అయిన మొదటి మహిళ ఆమే. కళాకారులను సభకు పంపితే సంగీతం గురించో సంస్కృతి గురించో మాట్లాడతారని అనుకుంటారు. ఆమె వెంట పార్టీ లేదు, ఓట్లు లేవు, మంత్రిపదవి లేదు. ఒక సభ్యురాలిగా సొంతంగా బిల్లు పెట్టే హక్కు మాత్రం ఉంది. ఆ హక్కునే ఆమె వాడుకున్నారు.

అప్పటికి దేశంలో జంతుహింస మీద చట్టమే లేదా అంటే, ఉంది. తెల్లవాళ్లు 1890లో చేసింది. అది ఎక్కువగా పట్టణాల్లో, నలుగురి కంటా పడే హింసకే పరిమితం. దొడ్లో కట్టేసి కొట్టినా, ప్రయోగాల పేరుతో చిత్రహింస పెట్టినా పట్టించుకునే దిక్కు లేదు. స్వతంత్రం వచ్చాక కూడా ఆ పాత కాగితమే నడుస్తోంది. అహింస పేరు చెప్పుకుని స్వరాజ్యం తెచ్చుకున్న దేశం, నోరులేని జీవాల విషయంలో పరాయి ప్రభుత్వం చట్టంతోనే సరిపెట్టుకోవడం ఏమిటన్నది ఆమె వాదన.

1954లో ఆ బిల్లు చర్చకు వచ్చింది. ఆమె మాట విన్నవాళ్లకు విషయం గుండెకు తగిలింది. ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ స్వయంగా జోక్యం చేసుకున్నారు. దీన్ని ప్రభుత్వమే సమగ్రంగా చూస్తుంది, కమిటీ వేస్తాం, మీ బిల్లు వెనక్కి తీసుకోండని కోరారు.

ఆ చోట మనమైతే ఏం చేస్తాం? పరువు పోయిందనుకుంటాం. లేదా మాట ఇచ్చారు కదా, పనయిపోయిందని ఇంటికొచ్చి కూర్చుంటాం. ఆమె ఈ రెండూ చేయలేదు. బిల్లు వెనక్కి తీసుకున్నారు, పట్టు మాత్రం వదల్లేదు. ప్రభుత్వాలు వేసే కమిటీల సంగతి తెలిసిందే కదా, ఒకటి తర్వాత ఒకటి ఏళ్లు దొర్లిపోతాయి. 1956లో రెండోసారి రాజ్యసభకు నామినేట్ అయ్యారు. అదే ఏడు పద్మభూషణ్ వచ్చింది. 1957లో ప్రపంచ శాకాహార మహాసభలు మన దేశంలో జరిగినప్పుడు వాటి వెనక నిలిచిన పెద్దల్లో ఆమె ఒకరు. ఎక్కడికెళ్లినా అదే మాట.

చివరికి 1960లో ప్రభుత్వం తెచ్చిన బిల్లు పార్లమెంటులో నెగ్గింది. 1960 డిసెంబరు 26న రాష్ట్రపతి ఆమోదం పొందింది. అదే జంతుహింస నివారణ చట్టం. మొదటి బిల్లు పెట్టిన నాటి నుంచి లెక్కపెడితే ఏడేళ్లు.

ఆమె కోరుకున్నదంతా అందులో లేదు. తిండి కోసం జంతువును చంపడం దానంతట అది నేరం కాదు, అనవసరమైన బాధ పెడితేనే నేరం. మతాచారం ప్రకారం చంపితే మినహాయింపు ఉంది. ప్రయోగాలను ఆపలేదు, వాటిపై కన్నేసి ఉంచే కమిటీకి వీలు కల్పించింది. జన్మలో మాంసం ముట్టని మనిషికి ఇవి మింగుడుపడే సంగతులా? అయినా ఉన్నదాన్ని అందుకున్నారు. మొత్తం దొరికితేనే కావాలని భీష్మించుకుని ఉంటే, ఆ సగం కూడా వచ్చేది కాదు.

చట్టానికి కాపలా

ఆ చట్టంలోని ఒక సెక్షన్ ప్రకారం 1962లో భారత జంతు సంక్షేమ మండలి ఏర్పడింది. మొదటి అధ్యక్షురాలు రుక్మిణీదేవే. చాలాకాలం దాని కార్యాలయం మద్రాసులోనే ఉండేది. చట్టం చేయించుకోవడం ఒక ఎత్తు, దాన్ని బతికించుకోవడం ఇంకో ఎత్తు అని ఆమెకు తెలుసు.

చట్టం కింద 1965లో వచ్చిన నియమాలు చూస్తే, కూర్చుని రాసినవాళ్లు బండిని, మూటను, ఎండను దగ్గరగా చూసినవాళ్లనిపిస్తుంది. గాడిద మీద 50 కిలోలకు మించి వేయకూడదు. పొట్టి గుర్రం మీద 70 కిలోలు. బండి లాగే జంతువుతో రోజుకు తొమ్మిది గంటలకు మించి పని చేయించకూడదు. మధ్యలో విశ్రాంతి లేకుండా ఐదు గంటలు దాటకూడదు. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా బండి కట్టకూడదు. నల్లగొండ జిల్లా ఎండలు తెలిసినవాళ్లకు ఈ చివరి నియమం ఎంత విలువైందో వేరే చెప్పక్కర్లేదు. గుర్రాలకు, ఎద్దులకు నాడాలు కొట్టేవాళ్లకు లైసెన్సు ఉండాలన్న నియమం కూడా అప్పటిదే. 1978లో జంతువులను లారీల్లో, రైళ్లలో తరలించే తీరు మీద నియమాలు వచ్చాయి. గుర్రం, గాడిద, కంచరగాడిదలకు అందులో ప్రత్యేకంగా చోటుంది. పరిశోధనల కోసం విదేశాలకు కోతుల ఎగుమతి ఆగింది కూడా 1978లోనే.

1977లో ఇంకొక మలుపు. ప్రధాని మొరార్జీ దేశాయ్ ఆమెను రాష్ట్రపతి పదవికి నిలబడమని అడిగారు. ఒప్పుకుంటే దేశానికి తొలి మహిళా రాష్ట్రపతి అయ్యేవారేమో. ఆమె వద్దన్నారు. ఆ ఏడు ఏకగ్రీవంగా రాష్ట్రపతి అయింది మన తెలుగువారైన నీలం సంజీవరెడ్డి. రుక్మిణీదేవి మాత్రం తన కళాక్షేత్రంలో, తన పిల్లల నాట్యం దగ్గర, తన జంతువుల ఫైళ్ల దగ్గర ఉండిపోయారు.

1986 ఫిబ్రవరి 24న మద్రాసులో ఆమె కన్నుమూశారు. కళాక్షేత్రాన్ని జాతీయ ప్రాముఖ్యం ఉన్న సంస్థగా గుర్తిస్తూ 1993లో పార్లమెంటు చట్టం చేసింది. ఆమె పెట్టిన బడికి చట్టం రక్షణ దొరికింది. మరి ఆమె చేయించిన చట్టానికి ఎవరి రక్షణ ఉంది?

ఇప్పుడు గాడిద వంతు

ఈ ప్రశ్న ఎందుకు అడుగుతున్నానంటే, మన గాడిదలు మాయమైపోతున్నాయి.

మా దేవరకొండ వైపే కాదు, తెలుగునేల మీద ఏ ఊళ్లోనైనా గాడిద అంటే ఒకప్పుడు చాకిరేవు గుర్తొచ్చేది. రజకుల బట్టల మూటలు, కుమ్మరి మట్టి, బట్టీ ఇటుకలు, అన్నీ దాని వీపు మీదే. కాళ్లకు బంధమేసి వదిలేస్తే దొరికిన గడ్డి తిని బతికేది. పసిపిల్లకు దగ్గు తగ్గుతుందని నమ్మి, ఉగ్గుగిన్నె పట్టుకుని గాడిద పాలకోసం వాకిట్లో నిలబడ్డ తల్లులు ఎందరో! ఇంత చేసినా దానికి దక్కింది తిట్లలో చోటు మాత్రమే.

2012 పశుగణనలో దేశం మొత్తం మీద 3.2 లక్షల గాడిదలున్నాయి. 2019కి 1.2 లక్షలు. ఏడేళ్లలో నూటికి అరవైకి పైగా తగ్గిపోయాయి. ఆంధ్రప్రదేశ్‌లో సగానికి పైగా తగ్గి, సుమారు 5 వేలు మిగిలాయి. గుర్రాలు, పొట్టి గుర్రాలు కలిపి దేశంలో 6.25 లక్షల నుంచి 3.4 లక్షలకు పడిపోయాయి.

కారణాలు ఒకటి కాదు. ఆటోలు, ట్రాక్టర్లు వచ్చాయి. ఇళ్లలో వాషింగ్ మెషిన్లు వచ్చి రేవులు ఎండిపోయాయి. గాడిదకు పని పోయింది. పనిలేని జంతువును పేదవాడు ఎన్నాళ్లు మేపుతాడు? వచ్చిన ధరకు అమ్ముకుంటాడు. ఆ కొన్న చేతులు దాన్ని ఎక్కడికి తోలుకెళుతున్నాయో అక్కడుంది అసలు సంగతి. గాడిద మాంసం తింటే బలమొస్తుంది, నడుంనొప్పి పోతుంది, ఉబ్బసం తగ్గుతుంది, మగతనం పెరుగుతుంది - ఇలా ఎవరో పుట్టించిన మాటలు పట్టుకుని కోస్తాలో కొన్ని చోట్ల గిరాకీ పెరిగింది. గుంటూరు, ప్రకాశం, కృష్ణా జిల్లాల పేర్లు వార్తల్లోకెక్కాయి. మనదగ్గర గాడిదలు చాలక రాజస్థాన్, మహారాష్ట్ర లాంటి చోట్ల నుంచి కూడా తెస్తున్నారని తేలింది. 2022 అక్టోబరులో బాపట్లలో పోలీసులు దాడి చేసి గాడిద మాంసం పట్టుకున్నారు, మనుషులను అరెస్టు చేశారు.

ఇది చట్టం ఒప్పుకున్న పని కాదు. ఆహార భద్రత నియమాల్లో మాంసం కోసం కోయదగ్గ జంతువుల జాబితా ఉంది. గొర్రె, మేక, పంది, పశువులు, కోళ్లు లాంటివి అందులో ఉన్నాయి. గుర్రం లేదు, గాడిద లేదు. కాబట్టి లైసెన్సున్న కబేళాలో వాటిని కోయడానికి వీల్లేదు. అందుకే తెల్లవారకముందే రోడ్ల పక్కన, కాలవ గట్ల మీద, పరీక్ష చేసే పశువుల డాక్టరు లేకుండా కోస్తున్నారు. ఆ మాంసం తిన్నవాళ్ల ఆరోగ్యానికి ఎవరు పూచీ?

పట్టుబడితే ఏమవుతుంది? రుక్మిణీదేవి చేయించిన చట్టం కింద మొదటి నేరానికి జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయల దాకా. 1960లో యాభై రూపాయలంటే పెద్ద మొత్తమే. ఇప్పటికీ అదే అంకె! మాంసం వ్యాపారికి అది టీ ఖర్చు. ఈ జరిమానాలు పెంచమని 2014లో జల్లికట్టు కేసు తీర్పులో సుప్రీంకోర్టు కూడా పార్లమెంటుకు సూచించింది. ఇక ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1977లో వచ్చిన గోవధ నిషేధ, జంతు సంరక్షణ చట్టంలో ఆవు, దూడ, ఎద్దు, గేదె ఉన్నాయి. మూట మోసిన గాడిదకూ, పెళ్లికొడుకును మోసిన గుర్రానికీ అందులో చోటు లేదు.

ఒక ఉత్తరం విలువ

ఇలాంటివి అడిగితే వింటారా అని మనకు అనుమానం. విన్న ఉదాహరణలున్నాయి.

అమెరికాలో నెవాడా అనే ఎడారి రాష్ట్రంలో వెల్మా జాన్‌స్టన్ అనే ఆవిడ ఉండేవారు. ఒక ఆఫీసులో సెక్రటరీ ఉద్యోగం. చిన్నప్పుడు పోలియో వచ్చి మొహం, ఒళ్లు వంకరపోయాయి. 1950లో ఆఫీసుకు వెళుతూ, ముందు పోతున్న లారీ నుంచి నెత్తురు కారడం చూశారు. లోపల అడవి గుర్రాలు. విమానాలతో, లారీలతో తరిమి పట్టి, కుక్కల తిండి కోసం కబేళాకు తోలుతున్నారు. ఆమె అప్పటి నుంచి ఊరుకోలేదు. ముందు తన జిల్లాలో, తర్వాత తన రాష్ట్రంలో, ఆపైన దేశం మొత్తానికి నియమాలు రావాలని తిరిగారు. బడిపిల్లల చేత ఉత్తరాలు రాయించారు. వేలకు వేలు ఉత్తరాలు చట్టసభ సభ్యుల బల్లల మీద గుట్టలు పడ్డాయి. 1959లో విమానాలతో, మోటారు బండ్లతో తరమడాన్ని నిషేధించారు. 1971లో అడవి గుర్రాలనూ అడవి గాడిదలనూ కాపాడే చట్టం వచ్చింది. గుర్రాల అన్నీ అని జనం ఆమెను ముద్దుగా పిలుచుకున్నారు.

మరీ దగ్గరి సంగతి చూడండి. గాడిద తోలును ఉడకబెట్టి చైనాలో ఒక మందు తయారుచేస్తారు. దానికోసం ఆఫ్రికా దేశాల గాడిదలు లక్షల్లో బలయ్యాయి. నీళ్లు మోసే గాడిద పోతే ఆ బిందె ఆడవాళ్ల నెత్తి మీదికే వచ్చింది. 2024 ఫిబ్రవరిలో ఆఫ్రికా దేశాల కూటమి తోలు కోసం గాడిదలను చంపడాన్ని పదిహేనేళ్ల పాటు నిషేధించాలని నిర్ణయించింది. అన్ని దేశాలు ఒక్క మాట మీదికి రాగా లేనిది, మన రెండు తెలుగు రాష్ట్రాలు రాలేవా?

మనం అడగాల్సింది

ఇది తిండి మీద పెత్తనం చేయడం కాదు. పండక్కి యాట కూర వండుకునే ఇళ్లే మనవి చాలా. ఎవరి పళ్లెంలో ఏముందో తొంగిచూడాల్సిన పనిలేదు. ఏ కులాన్నీ ఏ ఊరినీ వేలెత్తి చూపాల్సిన పనీ లేదు. అడిగేది ఒక్కటే. జన్మంతా మనకు చాకిరి చేసి, తిండి కోసం ఎవరూ పెంచని జంతువును, అబద్ధపు వైద్యం పేరు చెప్పి, చట్టం కళ్లుగప్పి చంపవద్దని.

జంతుహింస నివారణ మీద చట్టం చేసే అధికారం కేంద్రానికే కాదు, రాష్ట్రాలకూ ఉంది. రాజ్యాంగంలోని ఉమ్మడి జాబితాలో ఆ అంశం ఉంది. అందుకని మన శాసనసభ్యులను మనం అడగొచ్చు. గుర్రం, గాడిద, కంచరగాడిద పేర్లు చట్టంలో స్పష్టంగా రాసి, మాంసం కోసం వాటిని కోయడం, అమ్మడం, అందుకోసం తరలించడం నిషేధించాలి. రాష్ట్రాల సరిహద్దుల దగ్గర లారీలను తనిఖీ చేయాలి. యాభై రూపాయల జరిమానాను పెంచమని మన ఎంపీలను పార్లమెంటులో అడగమనాలి. వీటితో పాటు గాడిదలను సాకే కుటుంబాలకు మేతకో వైద్యానికో చేయూత కావాలి. కడుపు నిండని యజమానికి నీతి చెబితే గాడిద బతకదు.

ఎన్నికలప్పుడు ఓటడగడానికి మన గడపదాకా వస్తారు కదా, ఆ గడపలోనే ఈ మాట అడగొచ్చు. మహిళా సంఘాల సమావేశంలో ఒక తీర్మానం రాసి, అందరూ సంతకాలు పెట్టి ఎమ్మెల్యేకు ఇవ్వొచ్చు. బడికెళ్లే పిల్లల చేత పోస్టుకార్డు రాయించొచ్చు. వెంటనే జవాబు రాదు. కమిటీ వేస్తామంటారు, చూస్తామంటారు. ఆ మాట రుక్మిణీదేవికీ చెప్పారు. ఏడేళ్లయినా ఆవిడ అడుగుతూనే ఉన్నారు, చట్టం వచ్చింది. ఇప్పుడు ఆ చట్టంలో ఖాళీగా మిగిలిన వరసలో గాడిద పేరు, గుర్రం పేరు రాయించే పని మనది.